ఒకే కొలబద్ద: తులనాత్మక వ్యాసం రాయడం ఎలా?

కొత్త బడిలో చేరిన మొదటి వారంలో మనందరి నోటా వచ్చే మాట ఒకటుంది. "మా పాత స్కూల్లో అయితేనా..." అని మొదలుపెడతాం. మీరు తరగతిలో అంటారు, మేం స్టాఫ్ రూములో అంటాం. బదిలీ అయిన ప్రతిసారీ ఇల్లు, నీళ్ళు, భాష, బస్సు, చివరికి ఇడ్లీలోకి వేసే చట్నీ కూడా పాతదానితో పోల్చి చూస్తాం. కాబట్టి పోల్చడం మనకు ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. అయితే నోటితో పోల్చడం వేరు, కాగితం మీద పోల్చి రాయడం వేరు. ఇంకో ఏడాదికో రెండేళ్ళకో కాలేజీకి వెళ్ళబోయే మీకు ఈ రెండో పని తప్పదు. సాహిత్యమైనా, చరిత్ర అయినా, అర్థశాస్త్రమైనా "పోల్చి చర్చించండి" అనే ప్రశ్న అక్కడ ఎదురవుతూనే ఉంటుంది.

కొన్నేళ్ళ క్రితం పదకొండో తరగతి పిల్లలకు "నేను చూసిన రెండు ఊళ్ళు" అనే వ్యాసం ఇచ్చాను. ఒక అమ్మాయి చాలా అందంగా రాసింది. పాత ఊరి గురించి రాసినప్పుడు స్నేహితులు, సాయంత్రం మేడ మీద ఆటలు, పక్కింటి పిన్నిగారు పెట్టే జంతికలు వచ్చాయి. కొత్త ఊరి గురించి రాసినప్పుడు ఎండ, ఉప్పునీళ్ళు, ట్రాఫిక్ వచ్చాయి. ఒక్క అక్షరదోషం లేదు. మెచ్చుకుని తరగతిలో పైకి చదివించాను. ఆ కొత్త ఊళ్ళోనే పుట్టి పెరిగిన తెలుగు అమ్మాయి ఒకతె పక్క బెంచీలో ఉంది. చదవడం అయ్యాక ఆ పిల్ల నెమ్మదిగా అడిగింది: "మా ఊళ్ళో నీకు నచ్చింది ఒక్కటి కూడా లేదా?" రాసిన అమ్మాయి తల దించుకుంది. చదివించిన నాకూ ఏం చెప్పాలో తోచలేదు.

ఆ వ్యాసంలో అబద్ధం ఒక్కటీ లేదు. తప్పు జరిగింది కొలతలో. పాత ఊరిని మనుషులతో కొలిచింది, కొత్త ఊరిని వాతావరణంతో కొలిచింది. ఒక గుడ్డను గజంతో, ఇంకో గుడ్డను జానతో కొలిచి ఏది పొడుగో చెప్పినట్టయింది. తులనాత్మక వ్యాసంలో మొదటి సూత్రం నాకు ఆ రోజే సరిగ్గా అర్థమైంది: రెండింటినీ ఒకే కొలబద్దతో కొలవాలి.

ఏ రెండింటిని పోల్చాలి?

పోల్చే రెండూ ఒకే కుటుంబానికి చెంది ఉండాలి, వాటి మధ్య చెప్పుకోదగిన తేడా కూడా ఉండాలి. మామిడిపండునూ రైలుబండినీ పోల్చలేం, ఎందుకంటే రెండింటికీ పనికొచ్చే కొలబద్ద లేదు. ఉగాదినీ దీపావళినీ పోల్చవచ్చు గాని, "రెండూ పండగలే" అన్న తరువాత చెప్పడానికి పెద్దగా ఏమీ మిగలదు. అదే తెలుగువారి ఉగాదినీ తమిళుల పుత్తాండునీ తీసుకుంటే? రెండూ సంవత్సరాదులే. ఇరుగుపొరుగు ప్రజలే. అయినా రెండు పండగలూ వేరు వేరు రోజుల్లో వస్తాయి. ఎందుకు? ఇలా ఒక ప్రశ్న పుట్టిందంటే వ్యాసానికి తగిన జంట దొరికినట్టే. ఈ జంటనే ఉదాహరణగా పెట్టుకుని ముందుకు వెళదాం.

కొలబద్దలు ఎంచుకోవడం

తెలిసినదంతా రాయాలనిపిస్తుంది. ఆగండి. మూడు నాలుగు కొలబద్దలు చాలు. ఒక కాగితాన్ని మూడు నిలువు గడులుగా మడవండి. మొదటి గడిలో కొలబద్ద, రెండో గడిలో ఉగాది, మూడో గడిలో పుత్తాండు. ఏ గడీ ఖాళీగా ఉండకూడదు. ఒకవైపు నింపగలిగి రెండోవైపు నింపలేకపోతే, తెలుసుకుని నింపండి. లేదంటే ఆ కొలబద్దనే వదిలేయండి.

మొదటి కొలబద్ద: రోజును ఎలా నిర్ణయిస్తారు? ఉగాది చైత్ర శుద్ధ పాడ్యమి నాడు వస్తుంది. ఇది చాంద్రమానం, అంటే చంద్రుణ్ణి బట్టి నెలలు లెక్కపెట్టే పద్ధతి. పన్నెండు చాంద్రమాసాలు కలిపితే సుమారు 354 రోజులు. సూర్యుని లెక్కకంటే దాదాపు 11 రోజులు తక్కువ. అందుకే ఉగాది ఏటా కొంచెం ముందుకు జరుగుతుంది. 2022లో ఏప్రిల్ 2న వచ్చిన ఉగాది 2023లో మార్చి 22నే వచ్చేసింది. ఇలాగే వదిలేస్తే కొన్నేళ్ళకు ఉగాది చలికాలంలోకి పోతుంది. అలా జరగకుండా రెండున్నర, మూడేళ్ళకోసారి ఒక అధిక మాసాన్ని కలుపుతారు. 2023లో అధిక శ్రావణం వచ్చింది, కాబట్టి 2024 ఉగాది మళ్ళీ వెనక్కి, ఏప్రిల్ 9కి వెళ్ళింది. పుత్తాండు లెక్క సూర్యుడిది. సూర్యుడు మేషరాశిలో ప్రవేశించడంతో చిత్తిరై నెల మొదలవుతుంది, ఆ నెల మొదటి రోజే సంవత్సరాది. అందుకే అది సాధారణంగా ఏప్రిల్ 14నే వస్తుంది. పైన చెప్పిన మూడేళ్ళలోనూ ఆ తేదీనే వచ్చింది.

రెండో కొలబద్ద: సంవత్సరం పేరు. ఇక్కడ ఆశ్చర్యం కలుగుతుంది. ప్రభవతో మొదలై అక్షయతో ముగిసే అరవై పేర్ల చక్రం ఇద్దరికీ ఉంది. విశ్వావసు నామ సంవత్సరం తెలుగువారికి 2025 మార్చి 30న మొదలైంది. తమిళులకు అదే పేరుగల సంవత్సరం ఏప్రిల్ 14న మొదలైంది. పేరు ఒకటే, వాకిలి తెరిచిన రోజే వేరు.

మూడో కొలబద్ద: ఆ రోజు ఏం తింటారు? మన ఉగాది పచ్చడి మీకు తెలిసిందే. వేపపువ్వు, కొత్త చింతపండు, బెల్లం, మామిడి ముక్కలు, ఉప్పు, కారం. దాన్ని పొయ్యి మీద పెట్టం. నేను చెన్నైలో పనిచేసిన రోజుల్లో ఒక ఏప్రిల్ 14న ఎదురింటి మామిగారు చిన్న గిన్నెలో మాంగాయ్ పచ్చడి తెచ్చిచ్చారు. పచ్చిమామిడిని బెల్లంతో ఉడికించి చేసినది. తియ్యటి చట్నీ కాబోలు అనుకుని నోట్లో పెట్టుకున్నాను. నాలుక చివర చేదు తగిలింది. వేయించిన వేపపువ్వు! "మీరు కూడా వేస్తారా?" అన్నాను. "మీరు కూడా వేస్తారా?" అని ఆవిడా అడిగారు. పుస్తకంలో చదివితే ఒక్క వాక్యంలో అయిపోయే పోలిక అది. గిన్నెలో దొరికింది కాబట్టి నాకు ఇప్పటికీ గుర్తుంది. మీకూ వ్యాసానికి కావలసిన వివరాలు ఇలా పక్కింట్లోనే దొరుకుతాయి. అడగండి.

"అయితే ఏమిటి?" అన్న ప్రశ్న

గడులన్నీ నిండాయి. ఎనిమిదో తరగతి అయితే ఇక్కడితో మార్కులు వేస్తాం. కాలేజీలో వేయరు. అక్కడి అధ్యాపకులు "ఇంత చెప్పావు సరే, అయితే ఏమిటి?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. వ్యాసానికి అదే వెన్నెముక. 

"ఉగాదికీ పుత్తాండుకీ కొన్ని పోలికలు, కొన్ని తేడాలు ఉన్నాయి." ఈ వాక్యం రాయకండి. లోకంలో ఏ రెండు వస్తువుల గురించి అయినా ఈ మాట అనవచ్చు. దాని బదులు ఇలా చూడండి: "కొత్త ఏడాది ఏ రోజున మొదలవుతుందో తేల్చడానికి తెలుగువారు చంద్రుణ్ణి, తమిళులు సూర్యుణ్ణి చూసినా, దాన్ని వేపపువ్వు చేదుతోనూ బెల్లం తీపితోనూ కలిపి స్వీకరించాలనడంలో ఇద్దరూ ఒక్కటే." ఇందులో తేడా ఉంది, పోలిక ఉంది, రెండింటిలో ఏది లోతైనదో రాసినవారి అభిప్రాయం కూడా ఉంది. ఎవరైనా దీన్ని కాదని వాదించవచ్చు. వాదించడానికి వీలున్న మాట అయితేనే దాన్ని నిరూపించడానికి ఒక వ్యాసం అవసరమవుతుంది.

రెండు రకాల కట్టుబడి

మొదటి పద్ధతిలో ముందు ఉగాది గురించి అంతా చెప్పి, తరువాత పుత్తాండు గురించి అంతా చెబుతాం. చిన్న వ్యాసానికి ఇది సరిపోతుంది. ప్రమాదం ఏమిటంటే, రెండు విడి వ్యాసాలను పక్కపక్కన అతికించినట్టు తయారవుతుంది. దీన్ని తప్పించుకోవాలంటే రెండో సగంలో కూడా కొలబద్దలను అదే వరుసలో ఉంచాలి, మొదటి సగాన్ని మధ్యమధ్య గుర్తు చేస్తుండాలి.

రెండో పద్ధతిలో ఒక్కో కొలబద్దకు ఒక్కో పేరా. ప్రతి పేరాలోనూ రెండు పండగలూ కనిపిస్తాయి. పెద్ద వ్యాసానికి ఇదే మంచిది. పైన నేను రోజు, పేరు, తిండి అని చెప్పుకొచ్చింది ఈ పద్ధతిలోనే. ఇక్కడా ఒక జాగ్రత్త ఉంది. వాక్యానికి ఒకసారి అటూ ఇటూ దూకితే చదివేవారికి టేబుల్ టెన్నిస్ చూస్తున్నట్టుంటుంది. ఒకదాని గురించి మూడు నాలుగు వాక్యాలు కుదురుగా చెప్పి, అప్పుడు రెండోదానికి వెళ్ళండి.

ఏ వరుసలో చెప్పాలన్నది మీ వెన్నెముక వాక్యమే నిర్ణయిస్తుంది. నా వాక్యం పోలికతో ముగిసింది కాబట్టి తేడాను ముందు చెప్పి, వేపపువ్వును చివరికి ఉంచాను.

మాటల పనిముట్లు

పోలిక చెప్పడానికి తెలుగులో "అలాగే, అదేవిధంగా, లాగా, కూడా" ఉన్నాయి. తేడా చెప్పడానికి "అయితే, కానీ, కాగా, అందుకు భిన్నంగా" ఉన్నాయి. ప్రతి వాక్యాన్నీ "అయితే"తో మొదలుపెట్టే అలవాటు చాలామందికి ఉంది. నాకూ ఉంది. రాసిన తరువాత లెక్కపెట్టి సగం కొట్టేయండి.

హిందీ ప్రాంతాల్లో చదివి వచ్చిన పిల్లలు తరచు చేసే పొరపాటు ఒకటి: "ఈ బడి ఆ బడికంటే ఎక్కువ పెద్దది." తెలుగులో "కంటే" అనగానే ఎక్కువ అన్న అర్థం వచ్చేసింది. "ఈ బడి ఆ బడికంటే పెద్దది" అంటే చాలు. ఇక "గొప్ప, చెత్త, సూపర్" లాంటి తీర్పు మాటలు కనిపిస్తే వాటిని తీసేసి, మీరు ఆ తీర్పు ఎందుకు ఇచ్చారో ఆ వివరం రాయండి.

తిరిగి రాసిన వ్యాసం

ఆ అమ్మాయి చేత వ్యాసం మళ్ళీ రాయించాను. ఈసారి "ముందు కొలబద్దలు రాసుకో" అని మాత్రమే చెప్పాను. మూడు రాసుకుంది: ఉదయం బడికి వెళ్ళే దారి, పలకరించే మనుషులు, సాయంత్రం ఆట. పాత ఊరే ఎక్కువ ఇష్టమని ఈసారీ రాసింది. అలా రాయడంలో తప్పు లేదు. న్యాయంగా పోల్చడమంటే ఇద్దరికీ సమానంగా మార్కులు వేయడం కాదు. కానీ కొత్త ఊరి "పలకరించే మనుషులు" గడి నింపడానికి ఆమె రెండు రోజులు వెతకాల్సి వచ్చింది. చివరికి అక్కడ రాసిన పేరు ఎవరిదో ఊహించే ఉంటారు. పక్క బెంచీ పిల్లది.

మనం ఊళ్ళు మారుతూనే ఉంటాం. వెళ్ళిన ప్రతిచోటా పాతదానికి జ్ఞాపకాల గజం, కొత్తదానికి ఇబ్బందుల జాన పట్టుకుని నిలబడడం సులువు. ఒకే కొలబద్ద పట్టుకుంటే వ్యాసం బాగుపడుతుంది. ఉన్న ఊరు కూడా కాస్త సరిగ్గా కనిపిస్తుంది.

మీకో పని

మీరు చూసిన రెండు ఊళ్ళలో ఒకే సమయానికి జరుపుకునే పండగనో, ఒకే వంట రెండు చోట్ల చేసే తీరునో తీసుకోండి. మూడు కొలబద్దలు, ఒక్క వెన్నెముక వాక్యం రాసుకోండి. మీ గడుల్లో ఏది ఖాళీగా మిగిలిందో చూసుకుని, దాన్ని నింపగలవారు మీ వీధిలో ఎవరున్నారో వెళ్ళి అడగండి. వ్యాసం ఆ తరువాత మొదలుపెట్టండి.