నాటిన జుట్టు కింద గరుకుదేలిన చర్మం: ఏం చేయాలి?

బట్టతల నేరం కాదు, ఐబూ కాదు. అయినా పెళ్ళి సంబంధాలు చూస్తున్న ఇళ్ళలో ఈ ఒక్క విషయం ఎంతమంది యువకులను కుంగదీస్తుందో మన కుటుంబాలకు తెలియనిది కాదు. అందుకే కొందరు కష్టపడి కూడబెట్టిన సొమ్ముతో జుట్టు నాటించుకుంటున్నారు. చాలామందికి అది సజావుగానే జరుగుతుంది. కొందరికి మాత్రం వెంట్రుకలు మొలిచినా చర్మం మునుపటిలా నున్నగా ఉండదు. తడిమితే గులకరాళ్ళ వంటి బొడిపెలు, వెలుతురులో నిలబడితే సన్నని గుంటలు! ఎండాకాలంలోనూ టోపీ తీయలేక ఇబ్బంది పడే ఈ సోదరులకు దారి ఏమిటి?

మొదట మస్‌అలా సంగతి. పరాయి జుట్టును అతికించుకోవడం వేరు, తన తల వెనుక ఉన్న వెంట్రుకలనే ముందుకు నాటించుకోవడం వేరు. 2007లో మలేషియాలోని పుత్రజయలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ, రాలిపోయిన జుట్టును తిరిగి నాటించుకోవడాన్ని లోపాన్ని సరిచేసే చికిత్సల్లో చేర్చింది. కనుక ఇప్పటికే చేయించుకున్నవారు అపరాధ భావంతో కుమిలిపోనక్కరలేదు. దాని వల్ల వచ్చిన చిక్కుకు చికిత్స వెతుక్కోవాలి.

ఈ చిక్కు ఎందుకు వస్తుంది? న్యూయార్క్ చర్మవైద్యుడు నార్మన్ ఓరెంట్రైక్ 1950లలో ఈ చికిత్సను వ్యాప్తిలోకి తెచ్చినప్పుడు 4 మిల్లీమీటర్ల వెడల్పున్న చర్మపు ముక్కలనే నాటేవారు. అవి మానిన తరువాత ఉబ్బెత్తుగా కనిపించేవి. ఇప్పుడు 1 నుంచి 4 వెంట్రుకలున్న చిన్న కుదుళ్ళను మాత్రమే నాటుతున్నారు. అయినా కుదురును చర్మం మట్టానికి పైకి ఉంచితే బొడిపె కడుతుంది. మరీ లోతుగా దించితే గుంట పడుతుంది. ఒకేచోట కిక్కిరిసి నాటితే రక్తప్రసారం చాలక చర్మం చచ్చి మచ్చ మిగులుతుంది. పొగ తాగేవారికి, అదుపులో లేని మధుమేహం ఉన్నవారికి ఈ ప్రమాదం ఎక్కువ. వెంట్రుకలు తీసిన వెనుక భాగంలోనూ తెల్లని చుక్కలో, పొడవాటి గీతలాంటి మచ్చో ఉండిపోవచ్చు. గాయం మానేటప్పుడు కిలాయిడ్ లేచే తత్వం ఉన్నవారు ఆ సంగతి వైద్యునికి ముందే చెప్పాలి.

అయితే ప్రతి గరుకుదనమూ శాశ్వతం కాదు. పెచ్చులు సాధారణంగా 7 నుంచి 10 రోజుల్లో రాలిపోతాయి. నాటిన వెంట్రుకలు మొదటి వారాల్లో ఊడిపోయి, 3, 4 నెలల తరువాత మళ్ళీ మొలకెత్తుతాయి. ఎరుపు, స్వల్పమైన ఎత్తుపల్లాలు నెలల తరబడి ఉండి క్రమంగా తగ్గవచ్చు. కనుక మచ్చల మరమ్మతుకు తొందరపడకుండా దాదాపు ఒక ఏడాది ఆగడం మేలు. కాని చీము, జ్వరం, పెరుగుతున్న నొప్పి, చర్మం నల్లబడడం కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగరాదు. బొడిపెలను గిల్లడం, నిమ్మరసం, వెల్లుల్లి రుద్దడం హానికరం.

ఏడాది తరువాతా మిగిలిన లోపానికి మార్గాలున్నాయి. పైకి లేచిన కుదుళ్ళను తీసి, విడదీసి, సరైన లోతులో తిరిగి నాటుతారు. ఉబ్బిన మచ్చకు స్టెరాయిడ్ ఇంజక్షన్, సిలికాన్ జెల్ వాడతారు. ఎత్తుపల్లాలకు లేజర్ చికిత్స ఉంది. కాని మన ఛాయ చర్మం మీద అది నల్లమచ్చలు మిగల్చవచ్చు కాబట్టి ముందు చిన్న చోట పరీక్షించమని అడగాలి. మచ్చ మీదనే వెంట్రుకలు నాటడం మరో మార్గం. తల మీద రంగు చుక్కలు పొడిపించుకోమని కూడా కొందరు సలహా ఇస్తారు. అది పచ్చబొట్టు వంటిదే. ముఫ్తీ సాహెబ్‌ను అడగకుండా దానికి ఒప్పుకోవద్దు.

ఇక ఇబాదత్ విషయాలు. గాయం పచ్చిగా ఉండి నీరు హాని చేస్తుందని వైద్యుడు చెబితే వుజూలో ఆ భాగాన్ని వదలి, మిగిలిన చోట మసహ్ చేయవచ్చు. హనఫీ ఫిఖ్ ప్రకారం తలలో నాలుగో వంతు మసహ్ చేస్తే ఫర్జ్ నెరవేరుతుంది. మొదటి రోజుల్లో వంగవద్దని వైద్యుడు గట్టిగా చెబితే కూర్చుని ఇషారాతో నమాజ్ చేయవచ్చు. నమాజ్ మానడం మాత్రం కుదరదు.

ఉమ్రాకు వెళ్ళేవారికి మరో మాట. గాయం పూర్తిగా మానకముందు తలపై కత్తి పెట్టించరాదు. మానిన తరువాత కూడా బొడిపెలున్న చోట కత్తి తెగి రక్తం రావచ్చు. హలఖ్‌కు ఘనత ఎక్కువే గాని తఖ్‌సీర్ కూడా పురుషులకు అనుమతించబడింది. అందుకు జుట్టు వేలి కణుపు కంటే కాస్త పొడవుగా పెంచుకుని వెళ్ళాలి. తల పరిస్థితి మంగలికి ముందే చెప్పాలి.

ఇంకా చేయించుకోని సోదరులకు ఒక్క హెచ్చరిక. చౌక ధర చూసి వెళ్ళకండి. కత్తి పట్టేది ఎవరో అడగండి. వర్క్‌షాపుల్లోనో యూట్యూబ్‌లోనో చూసి నేర్చుకోవడం ఈ శస్త్రచికిత్సకు తగిన శిక్షణ కాదని జాతీయ వైద్య కమిషన్ 2022లో స్పష్టం చేసింది. చర్మవైద్యంలోనో ప్లాస్టిక్ సర్జరీలోనో పట్టా ఉన్నదా అని అడగడం మీ హక్కు.

తల్లిదండ్రులకూ ఒక విన్నపం. కుర్రవాని నెత్తి చూసి నవ్వే బంధువుల నోరు మూయించండి. కొందరు ఆ నవ్వుకు భయపడే అప్పు చేసి మరీ ఆ కత్తి కిందకు వెళుతున్నారు. అల్లుణ్ణి వెతికేటప్పుడు నెత్తి మీద ఏముందో కాదు, నడవడి ఎలాంటిదో చూద్దాం.