గంజాము తెలుగు రైతులు: నేల, నీరు, పత్రములు

బరంపురపు తెలుగువారిని గూర్చి వ్రాయబూనినవారు సాధారణముగా న్యాయవాదులతోను, కవి పండితులతోను ప్రారంభింతురు. 1894లో ఈ పట్టణమునందే జన్మించి భారత రాష్ట్రపతి పదవి నధిష్ఠించిన వరాహగిరి వేంకటగిరిగారి పేరును, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై వ్యావహారిక భాషోద్యమమునకు పునాదివేసిన గిడుగు రామమూర్తి పంతులుగారి పేరును ముందుగా వినవచ్చును. పిమ్మట పట్టు నేయు దేవాంగులకు ఒక పుట దక్కును. ఊరి వెలుపల నాగలి పట్టినవానికి మాత్రము అట్టి వ్యాసములలో చోటు దొరకుట అరుదు. ఆతడు సభలు చేయలేదు, పత్రికలు నడపలేదు. ఆతని చరిత్ర చెరువుగట్లమీదను, శిస్తు రసీదులలోను మిగిలియున్నది.

ఉత్తర అమెరికా గడ్డిమైదానములందు గోధుమ పండించు సమాజములు తమ చరిత్రను తామే సంపుటములుగా కూర్చుకొన్నవి. అమెరికా సంయుక్త రాష్ట్రములు 1862లోను, కెనడా 1872లోను చేసిన చట్టముల ననుసరించి ఒక్కొక్క సంసారమునకు 160 ఎకరముల ఖండము లభించినది. ఇల్లు పొలము నడుమనే. పొరుగింటి దీపము దూరమున మినుకుమనుచుండును. (ఆ నేల అంతకుముందు ఎవరిదో చెప్పుటకు ఆ సంపుటములు చాలకాలము వెనుదీసినవి.) అచట ఇంటిపేరు వెంబడి ఇంటిపేరుగా చరిత్ర వ్రాయుట సులభము. గంజాములో అట్లు కాదు. ఇండ్లు గోడకు గోడ చేరి వీథికి రెండువైపుల వరుసలుగా నుండును. పొలము ఊరి వెలుపల చిన్న చిన్న మడులుగా చీలియుండును. ఒకరి మడి నిండిన పిమ్మటగాని క్రింది మడికి నీరు దిగదు. కనుక ఇచటి రైతు చరిత్ర కుటుంబముతో గాక నీటితో ప్రారంభింపవలెను.

తూర్పు కనుమలకును సముద్రమునకును నడుమ నున్న ఈ మైదానమున కాపులు, కాళింగులు, రెడ్డికలు, తెలగలు మొదలగు తెలుగు కర్షక కుటుంబములు ఒడియా కర్షకులతో కలిసి తరతరములుగా వసించుచున్నవి. పల్లపు నేలలో వరి, మెట్టపై చోడి, నువ్వులు, ఉలవలు, నీరున్నచోట చెరకు ముఖ్యమైన పంటలు. సర్కారు తాలూకాలలో రైతువారీ పట్టా గలవాడు ప్రభుత్వమునకు నేరుగా శిస్తు కట్టెను. ఖల్లికోట, ధరాకోట, చీకటి, పర్లాకిమిడి మొదలగు జమీందారీలలో మాత్రము నడుమ ముస్తాజరు నిలిచి, ఊరినంతను గుత్తకు తీసికొని రైతునుండి రాబట్టుకొనుచుండెను. సాగుదారునకు నేలపై హక్కును గుర్తించిన మదరాసు ఎస్టేట్సు లాండు చట్టము వచ్చునది 1908లో.

ఆర్ద్రలో ఆకుమడి, పునర్వసు పుష్యములలో ఉడుపు. అంతవరకు వానలు సాధారణముగా తప్పవు. చిక్కంతయు హస్త చిత్త కార్తెలలోనే కలదు. సెప్టెంబరు చివరి దినముల నుండి అక్టోబరు మూడవ వారమువరకు గల ఈ కాలమున వరి పొట్టకు వచ్చి ఈనును. అప్పుడు ఒక మంచి వాన పడనిచో, అంతవరకు పచ్చగా నున్న చేను గింజ పట్టక తాలుగా మారిపోవును. 1865లో జరిగినది ఇదియే. ఆ యేటి చివరి వానలు తప్పుటచే 1866లో ఒరిస్సాను ఊడ్చివేసిన మహాక్షామము గంజామును గూడ పీడించినది. మరల 1888–89లో ఈ మండలమున కరవు వచ్చినప్పుడు మదరాసు గవర్నరగు కానెమరా ప్రభువు స్వయముగా వచ్చి చూచెను.

ఈ అనుభవమునుండి పుట్టినదే ఋషికుల్య నీటి పథకము. 1880 దశకమున ప్రారంభమై ఆ శతాబ్ది ముగియునప్పటికి ఇది రూపుగొన్నది. ఋషికుల్యపై జానివిల్లి ఆనకట్టయు, నేడు భంజనగరమని పిలువబడు రసెలుకొండవద్దను, సురడవద్దను జలాశయములును దీని ముఖ్యాంగములు. దీని తర్కము రైతు తర్కమే: శ్రావణ భాద్రపదములలో వృథాగా కడలి చేరు వరదను నిలిపి, హస్త తప్పిననాడు విడువవలెను. కాలువ వచ్చిన గ్రామమున తెలుగు రైతునకును ఒడియా రైతునకును ఒకే వంతు, ఒకే తగవు. కాలువ నీరందని దక్షిణపు గ్రామములు మాత్రము చెరువులను, చిన్న గెడ్డలను నమ్ముకొని యుండవలసివచ్చెను.

ఆకాశము ఇచ్చుటకును తీసికొనుటకును అవే దినములను ఎన్నుకొనుట విచిత్రము. 1999 అక్టోబరు 17న గోపాలపురమువద్ద తీరము దాటిన తుపాను, 2013 అక్టోబరు 12న అచటనే తాకిన ఫైలిన్, 2018 అక్టోబరు 11న పలాస సమీపమున తీరము చేరి గంజాము, గజపతి జిల్లాలను గూడ ముంచిన తిత్లీ, మూడును ఈ హస్త చిత్తల నడిమివే. అనగా వాన రాకున్నను పంట పోవును, మితిమీరి వచ్చినను పోవును.

పంట చాలనివారికి రంగము దిక్కయ్యెను. రంగూనును తెలుగువారు పిలిచిన పేరది. పంట కోసి కల్లము ఎత్తిన పిమ్మట గోపాలపురమున ఓడనెక్కి, బర్మా బియ్యపు మిల్లులలోను ఓడరేవులలోను కూలిచేసి, తొలకరికి మరలివచ్చువారు అనేకులు. కొందరు తెచ్చిన సొమ్ముతో తనఖా విడిపించుకొనిరి, కొందరు రానేలేదు. 1930లో రంగూను రేవున తెలుగు కూలీలపై జరిగిన హింసాకాండయు, 1942లో జపాను దండయాత్రతో కాలినడకన మరలిన కాందిశీకుల కష్టములును ఆ దారిని మూసివేసినవి. నేడు గంజాము యువకులు సూరతు మరమగ్గములకు పోవుచున్నారు. ఉడుపునకు మనుషులు దొరకుటలేదన్న మాట ప్రతి యూరను వినవచ్చును.

1936 ఏప్రిలు 1న ఒరిస్సా రాష్ట్రమేర్పడినప్పుడు పాత గంజాము రెండయ్యెను. బరంపురము, ఛత్రపురము, గుంసూరు అటువైపునకును, ఇచ్ఛాపురము, టెక్కలి, శ్రీకాకుళము మదరాసువైపునకును పోయినవి. పర్లాకిమిడి జమీందారీయే నడిమికి చీలినది. సభలలో వాదము భాషాసంఖ్యలను గూర్చి జరిగెను. సరిహద్దు మాత్రము పొలములమీద పడెను. మరుసటి యేడు ఇచ్ఛాపురమునుండి మదరాసునకు బయలుదేరిన రైతు రక్షణ యాత్రయు, 1940లో మందస జమీందారీ పోలీసు కాల్పులలో గున్నమ్మ ప్రాణములు విడిచిన పోరాటమును తెలుగు దేశమంతట ప్రతిధ్వనించినవి. కొలది మైళ్ల ఉత్తరమున నున్న తెలుగు రైతు అప్పటికే మరియొక రాష్ట్రపు ప్రజ. జమీందారీల రద్దు సయితము దక్షిణమున 1948 నాటి మదరాసు చట్టముచేతను, ఉత్తరమున 1951 నాటి ఒరిస్సా చట్టముచేతను వేర్వేరుగా జరిగినది. ఒకే వంశపు దాయాదులు రెండు శాసనముల క్రింద సేద్యము చేసిరి.

ఊరిలో మాత్రము ఈ గీత అంత స్పష్టముగా కానరాదు. ఒడియా రైతు అక్షయ తృతీయనాడు పిడికెడు విత్తనము చల్లి సేద్యమునకు అంకురార్పణ చేయును. తెలుగు రైతు జ్యేష్ఠ పూర్ణిమనాడు ఏరువాక సాగించును. నడుమ రజ సంక్రాంతి వచ్చును. ఆ మూడు దినములు భూమాత విశ్రాంతి గొనునని ఒడియా రైతు నేలపై నాగలి మోపడు. ధాన్యమును భరణములలో లెక్కించుట, సోల, అడ్డ అను కొలతలు వాడుట రెండు భాషల యిండ్లలోను కలదు. తెలుగు పలుకుబడి ఒడియాలోనికి, ఒడియా పలుకుబడి తెలుగులోనికి ఎంత చొరబడినదో చెప్పుటకు కల్లమున ఒక పూట కూర్చున్నచో చాలును.

వ్రాతకు వచ్చునప్పటికి పరిస్థితి వేరు. గంజాము కచ్చేరీలలో ఒడియాకు స్థానము లభించుట 1890లో జరిగినది. 1954 నాటి చట్టముతో అది రాష్ట్ర అధికారభాష యయ్యెను. ఒడియా ప్రజల దృష్టిలో అది దీర్ఘకాలపు న్యాయమైన కోరిక ఫలించుట. కాని దానివలన తెలుగు రైతు కాగితములు రెండు తరములుగా విడిపోయినవి. తాతలనాటి క్రయచీటి, తనఖా పత్రము, పాలు పంచుకొన్న విభాగపు దస్తావేజు తెలుగు గొలుసుకట్టు వ్రాతలో నున్నవి. నేటి ఖాతా ఒడియాలో నున్నది. తరువాతి సెటిల్మెంటులలో పూర్వపు సర్వే సంఖ్యలును మారిపోయినవి. మనుమడు ఇంట తెలుగు మాటలాడును గాని బడిలో నేర్చినది ఒడియా లిపి. దాయాదులలో తగవు వచ్చిననాడు పెట్టె అడుగునుండి ఆ పాత పత్రము తీయుదురు. దానిని చదువుటకు వృద్ధుడగు కరణపు కుటుంబీకుని వెదకుదురు. ఆయన చదువుచుండగా మనుమడు ప్రక్కన కూర్చుండి ఒడియా అక్షరములలో వ్రాసికొనును.