మంచు తెచ్చిన రాళ్ల వయసు ఎలా తెలుస్తుంది?

స్కాట్లాండ్ పడమటి దీవుల్లోని పోర్ట్ ఆస్కెయిగ్ శిలల్లో హిమానీనదాలు ఈడ్చుకొచ్చిన రాళ్లు, ఇసుక, బురద కలగలిసి గట్టిపడ్డాయి. ఆ ఇసుకలోని జిర్కాన్ అనే ఖనిజపు రేణువులే వయసుకు ఆధారం. శిలాద్రవంలో ఏర్పడేటప్పుడు జిర్కాన్ యురేనియాన్ని ఇముడ్చుకుంటుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. తర్వాత యురేనియం క్షీణించి సీసమవుతుంది. యురేనియం-238లో సగం మారడానికి సుమారు 447 కోట్ల ఏళ్లు పడుతుంది. రెండింటి నిష్పత్తిని కొలిస్తే రేణువు వయసు తేలుతుంది.

అసలు చిక్కు ఇక్కడే. అది రేణువు పుట్టిన కాలమే గాని, మంచు దాన్ని తెచ్చి పడేసిన కాలం కాదు. ఇల్లు తన గోడలోని కొత్త ఇటుక కంటే పాతది కాలేదు కదా! అందుకే ఎన్నో రేణువులను పరీక్షించి, అతి తక్కువ వయసున్నవాటిని పట్టుకుంటారు. నిక్షేపం అంతకంటే పాతది కాదు. ఈ శిలలు సుమారు 72 నుంచి 66.2 కోట్ల ఏళ్ల మధ్య ఏర్పడ్డాయని 2024లో వెలువడిన అధ్యయనం తేల్చింది.