గుడ్లగూబ మెదడులోని రెండు త్రోవలు

కోనసీమలో కొబ్బరితోటలును వరిచేలును గల పెద్దలకు ఎలుకను గూర్చి నేను క్రొత్తగా చెప్పవలసిన దేమియు లేదు. లేతకాయలను తొలిచి నేల రాల్చునదియు, పొట్టకు వచ్చిన వరిదుబ్బులను కొఱికివేయునదియు అదియే. అట్టి యెలుకను రాత్రివేళ వేటాడు తెల్ల గుడ్లగూబను మాత్రము మనలో పలువురు అపశకునమని తఱిమివేయుచున్నారు. ఆ పక్షి మెదడు పనిచేయు తీరును శాస్త్రజ్ఞులు రంగుల సాయమున నెట్లు తెలిసికొనిరో నేడు మీకు మనవి చేసెదను.

మొదట దాని నేర్పు చూతము. కన్ను పొడుచుకొన్నను కానరాని చీకటిలో, అలికిడి మాత్రమే విని ఈ పక్షి ఎలుకపై వాలగలదు. ఇందుకు రెండు ఆధారములు కలవు. కుడిప్రక్క పుట్టిన శబ్దము కుడిచెవికి ముందుగను, ఎడమచెవికి రవంత వెనుకగను చేరును. సెకనులో ఇంచుమించు లక్షవ వంతు తేడాను సయితము ఈ పక్షి గుర్తించును. దీనివలన కుడియెడమలు తెలియును. ఇక దాని చెవిరంధ్రములు సమమట్టమున నుండవు. ఒకటి కొంచెము ఎత్తునను, రెండవది కొంచెము దిగువను ఉండును. అందుచే క్రిందినుండి వచ్చిన శబ్దము ఒక చెవికి బిగ్గరగాను, రెండవ చెవికి మెల్లగాను వినబడును. దీనివలన మీదు క్రిందులు తెలియును.

ఈ రెండు లెక్కలను మెదడు ఒకేచోట కట్టునా, వేర్వేరుగ కట్టునా? మెదడును వెన్నుపాముతో కలుపు కాడవంటి భాగమునకు మెదడుకాండమని పేరు. చెవినుండి వచ్చు నరము అచటికి చేరగనే రెండు కణకూటములకు చీలును. ఒక కూటము శబ్దము వచ్చిన వేళను, వేఱొకటి దాని బిగ్గరతనమును అందుకొనును. తకహాషి, మోయిసెఫ్, కొనిషి అను మువ్వురు 1984లో ఒక్కొక్క కూటమును మత్తుమందుతో మొద్దుబార్చి పరీక్షించిరి. ఒకటి మొద్దుబారినపుడు వేళలెక్క మాత్రమే చెడెను. రెండవది మొద్దుబారినపుడు బిగ్గరతనపు లెక్క మాత్రమే చెడెను. త్రోవలు రెండని దీనివలన తేలెను.

అయితే మెదడును కోసి చూచినచో లేతకొబ్బరివలె తెల్లని ముద్ద కనబడునే కాని త్రోవలు కానరావు. కావున రంగు కావలెను. గుడ్డకు నీలిమందు పట్టించినట్లు అంతటను పట్టు రంగు ఒక విధము. పసుపునకు సున్నము తగిలినంతనే పుట్టు ఎఱుపు వేఱొక విధము. ఆ యెఱుపు సున్నమున్నదని సాక్ష్యము చెప్పును. వసిష్ఠ గోదావరి కావలనున్న భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, ఫిస్కుతో గూడి 1925లో ప్రకటించిన పద్ధతియు ఇట్టిదే. అది శరీరద్రవములలోని భాస్వరమును నీలిరంగు గాఢతనుబట్టి కొలుచును. ఇట్టి సాక్ష్యమును ద్రవమునందు గాక, పలుచగ కోసిన కణజాలమునందే చూపునది కణజాల రసాయనశాస్త్రము.

నరకణములు పలుచోట్ల అసిటైల్ కోలిన్ అను పదార్థముచే ఒకదానికొకటి వార్త నందించుకొనును. ఆ పదార్థమును విఱుచు ఎంజైము ఒకటి కలదు. అది ఎచట నున్నదో చూపు ఉపాయమును కోయెల్, ఫ్రీడెన్‌వాల్డ్ అనువారు 1949లో ప్రకటించిరి. మెదడుపొరను, అసిటైల్ కోలిన్‌ను పోలిన గంధకపదార్థమును రాగిలవణమును గల ద్రవమున నుంచుదురు. ఎంజైమున్న తావున ఆ పదార్థము విఱిగి, గంధకముగల ముక్క రాగితో గూడి తెల్లని మడ్డిగ నిలుచును. పిదప సల్ఫైడు ద్రవమున ముంచగా ఆ మడ్డి ముదురు గోధుమరంగునకు తిరుగును.

1993లో ఆడాల్ఫ్స్ అను శాస్త్రజ్ఞుడు ఈ యెంజైమును గుడ్లగూబ మెదడుకాండమున రంగుచే పరిశీలించెను. రెండు త్రోవలకు చెందిన భాగములు సమానముగ రంగు గొనలేదు. ముదురు లేతలనుబట్టి ఏ భాగము ఏ త్రోవకు చెందినదో వేఱుపఱుప వీలాయెను. మత్తుమందు పరీక్ష చెప్పిన విభాగమునే రసాయనమును చెప్పినది. రంగు ఎంజైమున్న చోటును చూపునే కాని అది అచట చేయు పనిని తనంత చెప్పదు. అందుచే రెండు పరీక్షలును కలసినపుడే మాట నిలుచును.

ఎలుక నడుగుచప్పుడును రెండు లెక్కలుగ విడదీసి, మరల ఒక్కచోట కూర్చి, చీకటిలో గుఱితప్పక పట్టు పక్షి ఇది. దీని కూతకు చావు రాదు. దీని రాకకు ఎలుక చచ్చును. 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము గుడ్లగూబలను పట్టుటయు, చంపుటయు నేరము. విషము తిన్న యెలుకను తినినచో ఈ పక్షియు చచ్చును. కావున అట్టి యెలుకలను చేలగట్లపై వదలక పూడ్చిపెట్టుడు. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతముల తోటలలో గుడ్లగూబపై రాయి యెత్తిన పిల్లవానిని వారించువారు పెద్దలైన మీరే. ఆ పని చేయవలసినదిగ మిమ్ము కోరుచున్నాను.