కంప్యూటరు వేలములో పంట అమ్ముకొను రైతులకు కొన్ని సూచనలు

పంటను పండించుట ఒక యెత్తు, దానిని తగిన ధరకు అమ్ముకొనుట మరియొక యెత్తు. నాలుగు నెలల కష్టఫలము మార్కెట్టులో ఒక్క పూటలో తేలిపోవును. నల్గొండ, మహబూబ్‌నగరు మెట్ట ప్రాంతములలో వాన తక్కువ, బావులలో నీరు తక్కువ. అట్టి చోట పండిన ప్రతి బస్తాయు విలువైనది. కావున కంప్యూటరు వేలములో సరకు అమ్ముకొనునపుడు సాధారణముగా జరుగు పొరపాట్లను, వాటిని తప్పించుకొను మార్గములను ఇచట వివరింపదలచితిమి.

మన ప్రాంతములో వేలము

క్రమబద్ధమైన మార్కెట్లు మనకు కొత్తవి కావు. హైదరాబాదు సంస్థానములో 1339 ఫసలీలో, అనగా 1930 ప్రాంతమున, వ్యవసాయ మార్కెట్ల చట్టము వచ్చినది. తరువాత 1966లో ఆంధ్రప్రదేశ్ మార్కెట్ల చట్టము ఏర్పడినది. అయినను దేశములోని పెక్కు యార్డులలో వేలము కేకలతోనో, రుమాలు చాటున వేళ్ళు నొక్కియో జరుగుచుండెడిది. ధర యెట్లు కుదిరినదో సరకుగల రైతునకే తెలియకుండెడిది.

2016 ఏప్రిల్ 14వ తేదీన జాతీయ వ్యవసాయ మార్కెట్టు, వాడుకలో ఈ-నామ్, ఎనిమిది రాష్ట్రములలోని 21 మార్కెట్లతో ప్రారంభమైనది. వాటిలో అయిదు తెలంగాణలోనివి. పాలమూరు సీమలోని జడ్చర్ల వద్ద గల బాదేపల్లి, నాటి నల్గొండ జిల్లాలోని తిరుమలగిరి ఆ అయిదింటిలో చేరినవి. 2016 అక్టోబరులో జిల్లాల విభజన జరిగిన పిమ్మట తిరుమలగిరి సూర్యాపేట జిల్లాలో ఉన్నది. 2023 నాటికి ఈ పద్ధతి దేశములో 1,300కు పైగా మార్కెట్లకు వ్యాపించినది.

ఈ పద్ధతిలో సరకు గేటు వద్ద నమోదగును. ప్రతి రాశికి ఒక లాటు నంబరు వచ్చును. నమూనా తీసి నాణ్యము పరీక్షింతురు. ఖరీదుదారులు కంప్యూటరు ద్వారాగాని, ఫోను ద్వారాగాని తమ ధరలను పంపుదురు. గడువు ముగిసిన తరువాత హెచ్చు ధర వెల్లడియగును. రైతు సమ్మతించినచో కాంటా, తక్‌పట్టీ, చెల్లింపు క్రమముగా జరుగును.

ఇందులో ముఖ్యముగా గ్రహింపవలసినది ఒకటి ఉన్నది. కంప్యూటరు ధరను సృష్టింపదు. సరకును గూర్చి తనకు అందిన వివరమును మాత్రమే కొనువారికి చూపును. దూరమున ఉన్న ఖరీదుదారుడు బస్తాలో చేయి పెట్టి చూడలేడు. కాగితముపై ఎక్కిన తేమ, తాలు, రకము, బరువు చూచియే ధర నిర్ణయించును. కావున మంచి ధర వేలము వేళ కాదు, కల్లములోనే మొదలగును.

కల్లములో జరుగు పొరపాట్లు

తడి ఆరని సరకును తెచ్చుట మొదటి పొరపాటు. ఎండినచో తూకము తగ్గునని కొందరు భయపడుదురు. ఆ భయమును లెక్క వేసి చూడవలెను. 20 శాతము తేమగల క్వింటాలు మొక్కజొన్న 14 శాతమునకు ఎండునప్పటికి సుమారు 93 కిలోలగును. తడి సరకునకు 2,000 రూపాయలు పలికినదనుకొందము. ఎండిన సరకునకు 2,150కి మించి వచ్చినచో రైతునకు లాభమే. పైగా తడి సరకు బస్తాలలోనే వేడెక్కి బూజు పట్టవచ్చును. వేరుశనగలో ఈ బూజు వలన అఫ్లాటాక్సిన్ అను విషము పుట్టును. అట్టి కాయను ఎవరును కోరరు. కాయను ఆడించినపుడు గింజ గలగలలాడవలెను. మొక్కజొన్న గింజను కొరికినపుడు పటుక్కున విరుగవలెను. తేమ కొలుచు యంత్రము అందుబాటులో ఉన్నచో బండి ఎత్తుటకు ముందే చూపించుకొనుట మంచిది.

రెండవది, మేలు రకమును, నాసి రకమును ఒకే రాశిగా పోయుట. ఉదాహరణకు పది క్వింటాళ్ళ మంచి సరకునకు 6,000 చొప్పున, అయిదు క్వింటాళ్ళ నాసి సరకునకు 5,400 చొప్పున ధర వచ్చునని అనుకొందము. వేర్వేరు లాట్లుగా అమ్మినచో మొత్తము 87,000 రూపాయలు. కలిపినపుడు 5,500 పలికినచో వచ్చునది 82,500 మాత్రమే. జల్లెడ పట్టి, తాలు తీసి, వేరు చేసినందువలన 4,500 రూపాయలు మిగులును.

పైన మేలు సరకు, అడుగున నాసి సరకు నింపుట కొందరికి తెలివిగా తోచును. ఒకసారి మోసపోయిన ఖరీదుదారుడు మరునాటి నుండి ఆ యార్డులోని సరకునకెల్ల ధర తగ్గించి పంపును. ఒకరి తప్పునకు పదిమంది నష్టపోవుదురు.

గేటు వద్ద

నమోదు చీటీని చదువక జేబులో వేసికొనరాదు. పేరు, పంట, బస్తాల సంఖ్య, ఫోను నంబరు, బ్యాంకు ఖాతా సరిగా ఉన్నవో లేవో అచటనే చూచుకొనవలెను. చదువు రానివారు ఇంటిలోని పిల్లల చేత చదివించుకొనవచ్చును. ఫోను నంబరు ఇతరులదైనచో ధర తెలుపు సందేశము వారికే పోవును. ఖాతా నంబరులో ఒక్క అంకె తప్పినను సొమ్ము ఆలస్యమగును. నమూనా తీయునపుడు రాశి వద్దనే నిలిచి, అన్ని వైపుల నుండి తీయునట్లు కోరవలెను.

ధరకు సమ్మతించుటకు ముందు

మార్కెట్టు ధరల పట్టికలో కనిష్ఠము, గరిష్ఠము, ఎక్కువ సరకు అమ్ముడైన ధర అని మూడు అంకెలుండును. గరిష్ఠ ధర ఏ ఒక్క మేలైన లాటుకో వచ్చినది కావచ్చును. మూడవ అంకెను చూచి, దానితోపాటు ప్రభుత్వ మద్దతు ధరను కూడ తెలిసికొని, ఇంతకు తగ్గినచో అమ్మనని ఇంటివద్దనే నిశ్చయించుకొనవలెను.

వచ్చిన ధర నచ్చనిచో నిరాకరించు హక్కు రైతునకు ఉన్నది. ఈ హక్కును పలువురు మరచుచున్నారు. కాని నిరాకరించుటలోను ఖర్చు ఉన్నది: హమాలీ, కిరాయి, వాన భయము. కావున యార్డులో కప్పు, గోదాము, నిల్వ సరకుపై అప్పు దొరకు సదుపాయము గలవో లేవో ముందే మార్కెట్టు కార్యాలయములో విచారించుకొనవలెను.

విత్తనములకు, ఎరువులకు అప్పిచ్చిన అడ్తిదారు ద్వారానే అమ్మువారు మన గ్రామములలో కలరు. అట్టివారికి వద్దని చెప్పుట కష్టము. అప్పు లెక్కను, అమ్మకము లెక్కను వేర్వేరుగా వ్రాయించుకొనుట వారికి మొదటి మెట్టు. బ్యాంకు నుండి గాని, సహకార సంఘము నుండి గాని పంట ఋణము పొందుట రెండవ మెట్టు. ఒక మాట దాచవలసిన పనిలేదు: ధర పంపు ఖరీదుదారులు ఇద్దరు ముగ్గురే యైనచో యంత్రమున్నను పోటీ యుండదు. తమ లాటునకు ఎందరు ధర పంపిరో అడిగి తెలిసికొనవలెను.

కాంటా, చెల్లింపు

కాంటా ఖాళీగా ఉన్నపుడు సున్న చూపుచున్నదో లేదో దడువాయి ఎదుటనే చూడవలెను. ఖాళీ సంచి బరువునకు ఎంత తీసివేయుచున్నారో అడుగవలెను. తక్‌పట్టీలో తూకము, ధర, ప్రతి కోత చదివిన పిమ్మటనే సంతకము చేసి, సొమ్ము ఖాతాలో పడువరకు దానిని భద్రపరచవలెను. డబ్బు వేయుదుమని చెప్పి ఫోనులో రహస్య సంఖ్య అడుగువారికి దానిని తెలుపరాదు. సొమ్ము పుచ్చుకొనుటకు ఆ సంఖ్యతో పనిలేదు.

రైతు సోదరులారా! ఎండబెట్టుట, వేరు చేయుట, చీటీ చదువుట, ధర తెలిసికొనుట, అవసరమైనచో వద్దనుట: ఈ అయిదును మన చేతిలోని పనులే. వీటిని పాటించినచో రైతు తన సరకునకు తానే యజమానియై యార్డులో నిలువగలడు.