టెలోమియర్ పొట్టిదైతే ఎముక గుల్లబారుతుందా?

ఎముకలు గుల్లబారడం అన్న మాట వినని ఇల్లు మన సిబ్బంది కుటుంబాల్లో ఇప్పుడు తక్కువే. రిటైరైనవాళ్లు నలుగురు కలిస్తే పెన్షన్, డి.ఎ. కబుర్లు అయ్యాక మోకాళ్లు, తుంటి ఎముకల దగ్గరికే వస్తారు. ఈ మధ్య దీనికి టెలోమియర్ అనే కొత్త మాట తోడైంది. చిన్న రక్తపరీక్షతో మీ కణాల అసలు వయసు చెబుతామని, ఎముకల భవిష్యత్తు కూడా తెలిసిపోతుందని ప్రకటనలు ఫోన్లలో తిరుగుతున్నాయి. పోయిన ఏడాది మా అమ్మ జారిపడి మణికట్టు ఎముక విరిగినప్పటి నుంచి బంధువులు నాకు ఇలాంటివి పంపుతూనే ఉన్నారు. నేను డాక్టర్ని కాను, ఎం.బి.ఎ. చదివి అప్పుల దరఖాస్తులు పరిశీలించే ఆఫీసర్ని. కానీ ఇక్కడి చిక్కు వైద్యానిది కన్నా లెక్కలది ఎక్కువ. అందుకే రాసే సాహసం చేస్తున్నాను.

ముందు టెలోమియర్ అంటే ఏమిటో చూద్దాం. మన కణాల్లోని క్రోమోజోముల చివర ఉండే డిఎన్‌ఎ భాగం అది. పట్టుచీర కొంగు దారాలు విడిపోకుండా కుచ్చులు వేయిస్తాం చూడండి, దాని పనీ అలాంటిదే. కణం రెండుగా విడిపోయిన ప్రతిసారీ ఆ కుచ్చు కాస్త పొట్టిదవుతుంది. మరీ పొట్టిదయ్యాక కణం విడిపోవడం మానేస్తుంది. టెలోమియర్లు క్రోమోజోములను ఎలా కాపాడతాయో కనిపెట్టినందుకు ఎలిజబెత్ బ్లాక్‌బర్న్, కారల్ గ్రైడర్, జాక్ షోస్టాక్‌లకు 2009లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక ఎముక. చూడటానికి రాయిలా ఉన్నా అందులో రోజూ పని జరుగుతూనే ఉంటుంది. పాత ఎముకను కరిగించే కణాలు కొన్ని, కొత్తది కట్టే కణాలు కొన్ని. ఇంచుమించు ముప్ఫై ఏళ్ల వయసు దాకా జమ ఎక్కువ, తర్వాత ఖర్చు ఎక్కువ. ఆడవాళ్లకు ముట్లాగిపోయాక కొన్నేళ్లు ఆ ఖర్చు మరీ జోరుగా ఉంటుంది. కట్టే కణాలు ముసలివైతే జమ తగ్గుతుందని ఎవరికైనా తోస్తుంది. ఈ ఊహకు ఆధారమూ ఉంది. డిస్కెరటోసిస్ కంజెనిటా అనే అరుదైన జబ్బులో టెలోమియర్లు పుట్టుకతోనే మరీ పొట్టిగా ఉంటాయి. ఆ రోగుల్లో చిన్న వయసులోనే ఎముకలు గుల్లబారడం కనిపిస్తుంది.

మరి మామూలు మనుషుల్లో? బ్రిటన్‌లో 2,150 మంది ఆడవాళ్లను పరీక్షించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, తెల్లరక్తకణాల టెలోమియర్లు పొడవుగా ఉన్నవారికి ఎముకల సాంద్రత కూడా ఎక్కువగా కనిపించింది. తర్వాత అమెరికాలో, హాంకాంగ్‌లో వృద్ధులను పరీక్షిస్తే ఆ సంబంధం కనిపించలేదు. ఒకచోట ఉండి మరోచోట లేదంటే అనుమానించాల్సిందే.

మన భాషలో చెబుతాను. లాకర్లు ఎక్కువున్న బ్రాంచిల్లో డిపాజిట్లూ ఎక్కువని లెక్క తేలిందనుకుందాం. అది చూసి పల్లెటూరి బ్రాంచిలో వంద లాకర్లు బిగిస్తే డిపాజిట్లు వచ్చి పడతాయా? ఆ బ్రాంచి ఉన్నది డబ్బున్న కాలనీలో, అసలు కారణం అదీ. ఎముకల విషయంలోనూ అంతే. పొగతాగడం, కదలకుండా కూర్చోవడం, మధుమేహం లాంటివి టెలోమియర్ల మీదా ఎముకల మీదా ప్రభావం చూపగలవు. రెండూ కలిసి తగ్గాయని ఒకటి రెండోదానికి కారణమనలేం.

దీన్ని విడదీయడానికి జన్యుశాస్త్రం ఒక చక్కని దారి చూపింది. మన మేనేజర్ల పోస్టింగులు చీట్లు తీసి వేస్తున్నారనుకోండి (ఆ రోజు రాదులెండి). పైరవీ లేదు, ఊరి గొప్పదనం లెక్కలోకి రాదు. అలాంటి వందలాది బ్రాంచిల్లో ఒక రకం మేనేజర్లున్న చోటల్లా వ్యాపారం పెరిగితే ఆ పేరు మేనేజర్లదే. ప్రకృతి నిజంగానే ఇలా చీట్లు తీస్తుంది. ప్రతి జన్యువుకూ తల్లి దగ్గర రెండు ప్రతులు, తండ్రి దగ్గర రెండు. బిడ్డకు ఎవరి నుంచి ఏ ప్రతి వస్తుందన్నది కేవలం లాటరీ. టెలోమియర్లు కాస్త పొడవుగా ఉండేలా చేసే ప్రతి వచ్చినవాళ్లు మంచి అలవాట్ల వల్ల దాన్ని సంపాదించలేదు. కాబట్టి వాళ్ల ఎముకలు నిజంగా గట్టిగా ఉంటే, ఆ ఘనత టెలోమియర్లకు ఇవ్వడానికి ఆధారం దొరుకుతుంది. బఠాణీ మొక్కలతో వంశపారంపర్య సూత్రాలు కనిపెట్టిన మెండెల్ పేరు మీద దీన్ని మెండెలియన్ రాండమైజేషన్ అంటారు.

దీనికి కావలసింది పెద్ద లెక్క. బ్రిటన్‌లోని యూకే బయోబ్యాంక్ 2006 నుంచి 2010 దాకా 40-69 ఏళ్ల మధ్య వయసున్న 5 లక్షల మంది వాలంటీర్లను చేర్చుకుంది. అందులో 4.7 లక్షల మందికి పైగా టెలోమియర్ల పొడవు కొలిచారు. 4.2 లక్షల మందికి పైగా మడమ ఎముక సాంద్రతను అల్ట్రాసౌండ్‌తో అంచనా వేసి, జన్యువులతో పోల్చారు. ఇంత సమాచారం ఉన్నా, మామూలు మనుషుల్లో టెలోమియర్ పొడవుకూ ఎముక బలానికీ బలమైన, నిలకడైన కారణ సంబంధం తేలలేదు. ఒక విశ్లేషణకూ మరోదానికీ పొంతన లేదు. పైగా కొలిచినవి రక్తకణాల టెలోమియర్లు, ఎముక కణాలవి కావు. ఒకే జన్యువు రెండు మూడు పనులు చేస్తే లాటరీ లెక్కా తప్పుతుంది. టెలోమియర్లను పొడిగిస్తామనే మందుల విషయంలో ఇంకో జాగ్రత్త కూడా ఉంది. జన్యుపరంగా పొడవైన టెలోమియర్లున్నవారికి కొన్ని గుండెజబ్బుల ముప్పు తక్కువ, కొన్ని రకాల క్యాన్సర్ల ముప్పు ఎక్కువ అని 2017లో తేలింది. కుచ్చు పొడవైతే అంతా లాభమే అనుకోవడానికి లేదు.

ఇదే పద్ధతి ఇతర చోట్ల స్పష్టమైన జవాబులిచ్చింది. 2018లో ఎముకలు విరగడానికి కారణాలనుకునే 15 అంశాలను ఇలాగే పరీక్షిస్తే, పెద్ద ప్రభావం ఎముక సాంద్రతదేనని తేలింది. జన్యుపరంగా విటమిన్ డి కాస్త తక్కువగా ఉండేవారిలో విరుగుళ్లు పెరిగిన దాఖలా లేదు. దీన్ని చూసి డాక్టరు లోపం ఉందని రాసిన మాత్రలు మానేయకండి. ఆ ఫలితం మామూలు స్థాయిల తేడాల గురించే తప్ప తీవ్రమైన లోపం గురించి కాదు.

యూకే బయోబ్యాంక్‌లో అత్యధికులు ఐరోపా మూలాలవారన్నదీ గుర్తుంచుకోవాలి. మన దేశంలో జీనోమ్ ఇండియా పథకం 10 వేల మంది జన్యుపటాలను సిద్ధం చేసింది. హైదరాబాద్ సీసీఎంబీ అందులో భాగస్వామి. ఇలాంటి ప్రశ్నలకు మన దగ్గరే జవాబు రావాలంటే ఇంకా చాలా పెద్ద లెక్క కావాలి.

అందుకే మా అమ్మకు టెలోమియర్ పరీక్ష చేయించలేదు, డెక్సా స్కాన్ చేయించాను. ఎముక సాంద్రతను నేరుగా కొలిచేది అదే, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. ఇంకో జన్యు సమాచారం మీ దగ్గర ఉచితంగానే ఉంది: అమ్మకో నాన్నకో ఎప్పుడైనా తుంటి ఎముక విరిగిందా? ఎముకల ముప్పు అంచనా వేసేటప్పుడు డాక్టర్లు ఆ విషయాన్ని లెక్కలోకి తీసుకుంటారు. వాళ్లు అడగకపోయినా మీరు చెప్పండి.