అరుగు మీద పుస్తకాల ముచ్చట

జహీరాబాద్: అల్లం, చెరకు, ఆలుగడ్డ పంటలకు పేరుపడిన ఈ ప్రాంతంలో పుస్తకాలను కూడా పంటల మాదిరిగానే బేరీజు వేసే రైతు ఒకరున్నారు. జహీరాబాద్ మండలంలోని ఒక పల్లెకు చెందిన ఆయన వయసు డెబ్బై దాటింది. మూడెకరాల చెలక, పదో తరగతి చదువు ఆయన ఆస్తి. అంగడి రోజున జహీరాబాద్ వచ్చినప్పుడు గ్రంథాలయం నుంచి ఒక పుస్తకం తీసుకుపోవడం, చదివినదాన్ని సాయంత్రం అరుగు మీద నలుగురికీ చెప్పడం ఆయనకు చాలా ఏళ్లుగా అలవాటు. ఈ మధ్య చదివిన అయిదు పుస్తకాలపై ఆయన వెలిబుచ్చిన అభిప్రాయాలు పల్లె పాఠకులు తెలుసుకోదగినవి. పేరు మాత్రం వేయవద్దని ఆయన కోరారు.

"పేరున్న పుస్తకమా కాదా అని నేను చూడ. అందుల మన అసొంటోడు ఉన్నడా లేడా, అది చూస్త" అన్నది ఆయన మొదటి మాట.

తాతల నాటి వెట్టి

మొదటిది వట్టికోట ఆళ్వారుస్వామి రాసిన 'ప్రజల మనిషి'. 1955లో వెలువడిన ఈ నవల నిజాం పాలనలో దేశ్‌ముఖుల పెత్తనాన్ని, వెట్టిచాకిరిని, జనంలో మెల్లగా వచ్చిన కదలికను చిత్రించింది. తాత నోట విన్న వెట్టి కథలే అచ్చులో కనిపించేసరికి రాత్రి దీపం ఆర్పబుద్ధి కాలేదని ఆయన చెప్పారు. అయితే కథానాయకుడు కంఠీరవంలో వెతికినా తప్పు దొరకదని, అంత మంచివాడు ఏ ఊళ్లోనూ తనకు తారసపడలేదని ఆయన విమర్శ.

నవల కంటె రచయిత జీవితమే తనను ఎక్కువగా ఆకట్టుకున్నదని ఆయన అంటారు. హోటల్లో సర్వరుగా పనిచేసిన ఆళ్వారుస్వామి సొంతంగా చదువుకుని, 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకాలను ఊరూరా మోసుకు తిరిగి అమ్మారు.

రాజులు లేని చరిత్ర

రెండవది సురవరం ప్రతాపరెడ్డి రచించిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'. 1949లో అచ్చయిన ఈ గ్రంథానికి 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. తెలుగులో ఆ పురస్కారం అందుకున్న తొలి గ్రంథం ఇదే. ప్రతాపరెడ్డి ఈ జిల్లాకు కొత్తవారు కాదు. 1930లో జోగిపేటలో జరిగిన తొలి ఆంధ్రమహాసభకు ఆయనే అధ్యక్షులు.

చరిత్ర అంటే యుద్ధాలు, పట్టాభిషేకాలు అని బడిలో నేర్చుకున్న ఈ రైతుకు, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు అని వెతికిన పుస్తకం వింతగా తోచిందట. పాత కావ్యాల్లోని పద్యాలను సాక్ష్యాలుగా ఎక్కువగా చూపడం వల్ల చదువు కొంచెం నెమ్మదిగా సాగుతుందని, పద్యం అర్థంకాని చోట దాటేసి ముందుకు పోవచ్చని ఆయన సలహా.

ఇది చదివిన తర్వాతనే తమ ప్రాంతం గురించి ఆయనకు ఒక ఆలోచన కలిగింది. జహీరాబాద్ తాలూకాలో ఎక్కువ భాగం 1956కు ముందు బీదర్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనలో మెదక్ జిల్లాకు వచ్చింది. 2016లో సంగారెడ్డి జిల్లాలో చేరింది. ఊరు ఉన్నచోటు నుంచి కదలకుండానే మూడు జిల్లాలు చూసింది. ఇక్కడి ముసలివాళ్ల మాటలో తెలుగుతో పాటు ఉర్దూ, కన్నడ, మరాఠీ కలిసి వినిపిస్తాయి. ఆ మాటలన్నీ ఒకచోట కూర్చిన పుస్తకం ఇంతవరకు తన కంట పడలేదని ఆయన చెప్పారు.

పల్లకీలో కాశీకి

మూడవది ఏనుగుల వీరాస్వామి 'కాశీయాత్ర చరిత్ర'. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన వీరాస్వామి 1830 మే నెలలో బయలుదేరి, హైదరాబాద్, నాగపూర్ మీదుగా కాశీకి వెళ్లి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చారు. ఆ విశేషాలు 1838లో పుస్తకంగా వచ్చాయి. భాష పాతది, మొదటి ఇరవై పేజీలు ఓపిక పట్టాలి. ఆ తర్వాత దారిలో ఎక్కడ నీళ్లున్నవి, ఎక్కడ మజిలీ చేయవచ్చు, ఏ ఊళ్లో సరుకులు దొరుకుతాయి అన్న వివరాలు వదిలిపెట్టనీయవు. ఎడ్లబండి కట్టుకుని జాతరలకు పోయిన తరానికి ఈ పుస్తకం బాగా తెలిసినట్టే ఉంటుందని ఆయన అభిప్రాయం.

ఒక్క సంగతి మాత్రం ఆయనకు వెలితిగా తోచింది. పల్లకీలో కూర్చున్న అయ్యగారు చూసినది పుస్తకమయింది. పల్లకీ మోసిన బోయీలూ అదే దారిన నడిచారు. వాళ్లు ఏం చూశారో, రాత్రి మజిలీలో ఏం మాట్లాడుకున్నారో చెప్పే పుస్తకం లేదు.

అమ్మమ్మల నోటి కథ

ఆ వెలితిని కొంత తీర్చింది నాలుగవ పుస్తకం 'ఏడుతరాలు'. అమెరికా నల్లజాతి రచయిత అలెక్స్ హేలీ 1976లో ప్రచురించిన గ్రంథాన్ని సహవాసి క్లుప్తంగా తెలుగు చేశారు. ఆఫ్రికాలోని గాంబియా దేశంలో జుఫూరే అనే పల్లె నుంచి కుంటా కింటే అనే యువకుణ్ణి పట్టుకుని ఓడలో తరలించి బానిసగా అమ్మడం, అతని సంతతి పడిన పాట్లు ఇందులో కథ. కుటుంబ వివరాల్లో కొన్నింటిని తర్వాతి కాలంలో చరిత్రకారులు ప్రశ్నించిన మాట నిజమే.

అరుగు మీద ఈ కథ చెప్పిన రోజున ఆడవాళ్లు కూడా లేచి పోలేదట. మనిషికి పేరు మార్చి కొత్త పేరు పెట్టే ఘట్టం దగ్గర ఒక ముసలమ్మ, "మమ్మల్ని పేరు పెట్టి పిలిచిందెప్పుడు బిడ్డా!" అన్నదని ఆయన గుర్తు చేసుకున్నారు. చదువు రాని అమ్మమ్మలు ఒకరి తర్వాత ఒకరు చెప్పుకుంటూ వచ్చిన ముచ్చటే చివరకు ఇంత పుస్తకం కావడం ఆయనకు అన్నిటికంటె పెద్ద విశేషం.

జపాన్ గడ్డి, మన చొప్ప

అయిదవది వ్యవసాయ గ్రంథం. జపాన్ రైతు ఫుకువోకా 1975లో వెలువరించిన పుస్తకానికి అనువాదమైన 'గడ్డిపరకతో విప్లవం'. దున్నకుండా, రసాయనాలు వాడకుండా, కోసిన పంట గడ్డిని తిరిగి పొలంలోనే పరచి వరి పండించిన అనుభవం ఇందులో ఉంది.

ఈ పుస్తకంతో ఆయన కొంతవరకే ఏకీభవిస్తారు. అక్కడ వానలు పుష్కలం. ఇక్కడ చెలక వాన మీద ఆధారం. అక్కడి రైతు గడ్డిని పొలంలో వేస్తే, ఇక్కడ జొన్నచొప్ప పొలంలో వేసి పశువులకు ఏం పెట్టాలని ఆయన ప్రశ్న. అయినా, పుస్తకం చెప్పినట్టు చేయకపోయినా పుస్తకం రాసినాయన చూసినట్టు తన చేను తాను చూడడం నేర్చుకోవాలని ఆయన అంటారు.

ఒకే చెలకలో జొన్న, కంది, సజ్జ, కొర్ర, పెసర, అనుములు కలిపి వేసే పద్ధతి ఇక్కడి ఆడవాళ్లకు తరతరాల విద్య. పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఆ విత్తనాలను కాపాడుతూ వచ్చాయి. మాచ్‌నూర్‌లో 2008 అక్టోబరు 15న మొదలైన సంఘం రేడియోలో మహిళలే మాట్లాడారు. మాట గాలిలో వినిపించింది మంచిదే, కాగితం మీద కూడా నిలవాలన్నది ఆయన కోరిక.

రాయక పోయినవి

ఆ కోరిక వెనుక ఒక బాధ ఉంది. ఆయన తల్లికి అక్షరం రాదు. ఏ విత్తనం పక్కన ఏది వేయాలి, ఏ కార్తెలో వేయాలి, బూడిద కలిపి ఎట్లా దాచాలి అన్నది ఆమెకు కంఠస్థం. ఇంట్లో చదువు వచ్చినవాడు తానొక్కడే అయినా, ఆమె బతికి ఉన్నన్నాళ్లు ఒక్క ముక్క రాసిపెట్టలేదు. "పరాయి దేశపోని ముచ్చట రాత్రి కూసోని చదివిన. అమ్మ ముచ్చట మాత్రం రాయలె" అని ఆయన అన్నారు.

ఇప్పుడు అరుగు మీద పుస్తకం ముచ్చట అయిపోయాక ఇంకో పని జరుగుతున్నది. పొరుగింటి బడిపిల్ల నోటుపుస్తకం తెచ్చుకుని కూర్చుంటుంది. ముసలమ్మలు చెప్పిన విత్తనాల పేర్లు, సామెతలు, పాత ధరలు రాసుకుంటుంది. సగం పుస్తకం నిండింది.

చదివే తీరిక ఎక్కడిదని అడిగేవారికి ఆయన ఒక లెక్క చెబుతారు. 1960 నాటి ప్రజా గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతుంది. అంటే పుస్తకం తెచ్చుకోనివాడు కూడా దాని ఖర్చు కట్టినవాడే. డబ్బు కట్టి సరుకు దుకాణంలోనే వదిలి వచ్చే రైతు ఎవడైనా ఉంటాడా అని ఆయన అడుగుతారు.